మునిప్రసాద్ కారులో కోతుల తుపాకీ

మునిప్రసాద్ ఒక్కడే నలుగురిని ఓడించడం నేను కళ్లారా చూశాను. గంగమ్మ జాతర రోజుల్లో జరిగింది. అలిపిరికి పోయే రోడ్డులో నా ఇడ్లీ కొట్టు, దాని ముందు టాక్సీ స్టాండు. ఫోన్లో బుక్ చేసుకునే కార్లంటే ఆ స్టాండువాళ్లకు పడదు. మునిప్రసాద్‌ది అట్లాంటి కారే. ఆ పొద్దున ఒళ్లంతా కుంకుమ పూసుకుని, తలకు వేపాకు చుట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరినవాడు, దారిలో బుకింగ్ వచ్చిందని నా కొట్టు ముందు ఆపాడు. మొక్కు మొక్కే, బాడుగ బాడుగే. స్టాండు పెద్ద రామచంద్ర వచ్చి కారు తాళం లాక్కున్నాడు. వెనక ముగ్గురు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

జాతర వేషం కట్టినవాడు ఎంత తిట్టినా పడాలి. అది అమ్మవారికి చెల్లే మొక్కు, తిరిగి తిట్టకూడదు. ఈ సంగతి మునిప్రసాద్‌కు ముందే తెలుసు, రామచంద్రకు తాళం లాక్కున్న తర్వాత గుర్తొచ్చింది. మునిప్రసాద్ రామచంద్ర తాతతో మొదలుపెట్టి, తండ్రి మీదుగా, అరగంటకు అతని టాక్సీ సైలెన్సర్ దగ్గరికి వచ్చాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. ఈ వయసులో నేను వినని తిట్టుండదనుకున్నాను, కొత్తవి రెండు దొరికాయి. చివరికి రామచంద్ర తాళం అతని చేతిలో పెట్టి, చెంపలేసుకుని పక్కకు జరిగాడు. ఇంతా గెలిచాక, బుక్ చేసుకున్న ఆడమనిషి ఎర్రగా నిలబడ్డ డ్రైవర్‌ను చూసి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

అంత నోరున్నవాడికి తుపాకీ ఎందుకయ్యా అని మీరడుగుతారు. నేనూ అడిగాను.

మునిప్రసాద్‌ది కార్వేటినగరం పక్కన పల్లె. కారు కొనక ముందు రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు అట్టపెట్టెలకు టేపు అంటించాడు. నిద్రలో కూడా చేతులు టేపు లాగేవని భార్య సుజన చెప్పేది. ఒకసారి ఆమె జడకే అంటించబోయాడట. కారు కొన్న రోజు మాత్రం మనిషి మనిషిలా లేడు. నా కొట్టు ముందే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఒక కాయ నలగకుండా దొర్లిపోతే, అపశకునమని దాని వెంట కారును వెనక్కి తోలి నా పిండి గుండిగను సొట్ట చేశాడు. నిమ్మకాయ మాత్రం బాగానే ఉంది. ఆ రోజు నుంచి ఆ కారే అతనికి ఊపిరి. పెట్టెల ముందు మళ్లీ నిలబడమంటే చచ్చిపోతాననేవాడు.

ఇట్లా ఉండగా కుప్పయ్యకు ఆ పని జరిగింది. కుప్పయ్యా అట్లాంటి డ్రైవరే, ఇద్దరూ పొద్దున్నే నా దగ్గర ఇడ్లీ తినేవాళ్లు. పట్టపగలు ఇద్దరు మనుషులు బుక్ చేసుకుని ఎక్కి, పుత్తూరు దాటాక అతని మెడకు కత్తి పెట్టారు. ఫోను, గడియారం, మధ్యాహ్నానికి కట్టుకొచ్చిన చేపల పులుసు క్యారియరు తీసుకుని మామిడి తోటల్లోకి దిగిపోయారు. ఫోను పోయినందుకు ఒకసారి, పులుసు పోయినందుకు పదిసార్లు ఏడ్చాడు కుప్పయ్య.

ఈ కథ సుజన చెవిన పడింది. పడిన రోజే ఆమె ఫ్యాక్టరీ సూపర్‌వైజరుతో మాట్లాడి వచ్చింది. కారు అమ్మేయాలి, మునిప్రసాద్ మళ్లీ పెట్టెల దగ్గరికి పోవాలి. మొగుడు ప్రాణంతో ఉంటే చాలు, ఊపిరి లేకపోయినా ఫరవాలేదన్నట్టు మాట్లాడింది. అప్పుడు మునిప్రసాద్ నోట తుపాకీ మాట వచ్చింది.

నా కొట్టు బల్ల మీద మూడు రోజులు ఇదే పంచాయతీ. సెలూన్లో కత్తి పట్టుకున్నవాడు మన వెనక నిలబడతాడు, వాడు మనకు తెలిసినవాడు. మేం మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్లకు రోజుకు పదిసార్లు మెడ అప్పజెప్పి కూర్చుంటాం అన్నాడు మునిప్రసాద్. మాట బాగానే ఉంది, కాదనను. ఏదో దేశంలో డ్రైవర్లు సీటు కింద తుపాకీ పెట్టుకుంటారని ఫోన్లో చూపించాడు కూడా.

కత్తి పోటు దాకా పోయి వచ్చినవాడు కుప్పయ్య. అతను ఇడ్లీ నములుతూ నిదానంగా చెప్పాడు. "కత్తి మెడ మీద ఉండాది, తుపాకీ సీటు కింద ఉండాది. నేను కిందికి వంగేలోపల నా తల యాడుంటాదిరా? నా దగ్గర తుపాకీ ఉండుంటే, పులుసుతో పాటు అది కూడా ఎత్తుకుపోయుందురు."

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అయినా నాకు తెలిసింది నేనూ చెప్పాను. తోలేవాడు తుపాకీ పెట్టుకుంటే ఎక్కేవాడూ ఒకటి తెచ్చుకుంటాడు. తర్వాత ఏసీ వెయ్యమని ఎవరు ఎవరిని అడుగుతారు?

మునిప్రసాద్ వినలేదు. లైసెన్సుకు కాగితం పట్టుకుని ఆఫీసుకు పోయాడు. ఎవరివల్ల నీకు ప్రాణభయం అని అక్కడి గుమస్తా అడిగాడట. ప్రయాణికులవల్ల అన్నాడు ఇతను. వాళ్ల పేర్లు చెప్పమన్నాడు గుమస్తా.

"ఇంకా బుక్ చేసుకోలేదు సార్" అన్నాడట మునిప్రసాద్.

కాగితం వెనక్కి వచ్చింది. మునిప్రసాద్ నేరుగా పల్లెకు, మామ మునివెంకటప్ప తోటకు పోయాడు. మామిడి కాపు రోజుల్లో కోతుల్ని తరమడానికి ఆయన ఒక గొట్టం చేసి పెట్టుకున్నాడు. మూరెడు పైపు, వెనక గ్యాసు పొయ్యి లైటరు. లోపల కార్బైడు ముక్క వేసి, నాలుగు చుక్కలు నీళ్లు పోసి, మూత బిగించి, ఊపి, కాసేపు ఆగి నొక్కితే ఢామ్మంటుంది. గుండు లేదు, చప్పుడే. కోతులు మూడు తోటలు దాటి పరుగెత్తుతాయి. అప్పుడప్పుడు కాల్చినవాడి మీసం కూడా పోతుంది. మునివెంకటప్పకు రెండేళ్లుగా మీసం ఒకవైపే ఉంది.

దాన్ని చూసి కుప్పయ్య, "దొంగోడు కత్తి తీస్తే, అబ్బా రెండు నిమిషాలు ఆగు, నీళ్లు కలుపుకుంటా అని చెప్పాల గదా" అన్నాడు. మునిప్రసాద్‌కు కోపం వచ్చి రెండు రోజులు ఇడ్లీకి రాలేదు.

ఆ రెండు రోజుల్లో అతను చేసిన పని ఏమిటంటే, మిద్దె మీదికి సుజనను తీసుకుపోయి గొట్టం కాల్చి చూపించాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. ఎదురింటాయన సిలిండరు పేలిందని పెళ్లాన్ని వదిలి టీవీని ఎత్తుకుని పరుగెత్తాడు. సుజన మాత్రం పెళ్లయిన పదిహేనేళ్లలో మొదటిసారి మొగుడి మాట పూర్తిగా నమ్మింది. కారు అమ్మే మాట ఆపేసింది. దాని బదులు కారు తాళం తన కొంగున ముడేసుకుంది. రోజూ పొద్దున సీటు కింద గొట్టం, డబ్బాలో కార్బైడు, సీసాలో నీళ్లు తన కళ్లతో చూసి, అప్పుడే తాళం ఇస్తుంది. ఏ పొద్దున గొట్టం లేకపోతే ఆ రోజే కారు అమ్మకానికి పెడతానని ఒట్టు కూడా వేసింది.

నాలుగో రోజు సూళ్లూరుపేట నుంచి వచ్చిన కుటుంబం ఒకటి కొండకు బుక్ చేసుకుంది. అలిపిరి తనిఖీలో అగ్గిపెట్టెంత వస్తువును కూడా వదలరని ఊళ్లో పుట్టిన ప్రతి డ్రైవరుకూ తెలుసు. మునిప్రసాద్‌కూ తెలుసు. కానీ అది తుపాకీ అని సుజనకు అన్నిసార్లు చెప్పినవాడు, అది పైపు ముక్క అని తనకు తాను చెప్పుకుని పోయాడు. కాపలావాళ్లు గొట్టం, లైటరు, కార్బైడు డబ్బా వరసగా బల్ల మీద పెట్టారు. నలుగురు ఆఫీసర్లు వచ్చారు, ఒక కుక్క వచ్చింది. కుక్క వాసన చూసి తుమ్మిందట. ఏమిటిది అని అడిగిన ప్రతివాడికీ కోతులకు సార్ అని చెప్పాడు. కారులో కోతులేవి అని వాళ్లడిగారు. ఈలోపు సూళ్లూరుపేటవాళ్లు బస్సెక్కి కొండకు పోయారు, పోతూ పోతూ ఫోన్లో ఇతనికి అయిదు చుక్కలకు ఒక్క చుక్క ఇచ్చారు. సాయంత్రానికి కాగితం రాయించుకుని, కార్బైడు ఉంచేసుకుని, ఉత్త గొట్టం ఇచ్చి పంపారు. మళ్లీ తెస్తే ఇంటికి పోవన్నారు.

సుజన మరుసటి రోజే కొత్త కార్బైడు తెప్పించింది.

తిరుపతిలో కారు తోలేవాడికి కొండ బాడుగలు లేకపోతే ఇంకేముంది. గొట్టం ఉంటే కొండకు పోలేడు, గొట్టం లేకపోతే ఇంటి గడప దాటలేడు. విమానాశ్రయం బాడుగలు ఒకటీ అరా దొరికినా, కార్బైడుకు కారంతా వెల్లుల్లి వాసనని ఎక్కినవాళ్లు ముక్కు మూసుకున్నారు. పైగా ఎండకు ఆ డబ్బా ఏమవుతుందోనని ఇరవైలో తోలాడు. ఒక ముసలాయన మధ్యలో దిగి నడిచిపోయాడు, తొందర పని ఉందని.

మొన్న మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, కొట్టులో ఎవరూ లేనప్పుడు వచ్చాడు. గొట్టాన్ని తువ్వాలులో చుట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. నాకు వెంటనే అర్థమైందనుకున్నాను. కొండెక్కే డ్రైవర్లు బీడీలు, ఖైనీ పొట్లాలు నా దగ్గర డబ్బాలో పెట్టి, దిగొచ్చాక తీసుకుపోతారు. ఎవరి బీడీ ఎవరిదో నాకు నోటికి తెలుసు. ఇదీ ఆ వరసలో పెట్టమంటాడని, అడగకముందే చెప్పాను.

"నా పొయ్యి పక్కన కార్బైడా నాయనా? ఇడ్లీతో పాటు నేనూ లేచిపోతా."

తల అడ్డంగా ఊపాడు. బల్ల మీద కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. రోడ్డుకు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అప్పుడు అడిగాడు.

"దాచిపెట్టమని కాదవ్వా. నువ్వొకసారి ఇంటికొచ్చి, తుపాకీ వద్దు, కారు మాత్రం ఉండనీమ్మా అని సుజనకు చెప్పు. నీ మాటంటే ఆయమ్మికి గురి. ఫోన్లో పోలీసోళ్లకు తెలిసే బటనుండాది, అది చూపిచ్చు. కావాలంటే కుప్పయ్యను పిల్చుకుపో, మెడ చూపిచ్చి చెప్తాడు. వద్దన్నది నేనని మాత్రం చెప్పొద్దు. దొంగోడంటే భయమున్నా తోలుకుంటా గానీ, ఈ గొట్టాన్ని కింద పెట్టుకుని తోల్లేనవ్వా. ఆ సంగతి అసలే చెప్పొద్దు."