ఫెర్రెట్లకు పెట్టిన పెరుగన్నం

గుంటూరులో ఆపరేషన్ అయిన సాయంత్రం, మత్తు ఇంకా దిగని గొంతుతో నా చెల్లెలు ఫోన్లో అడిగిన మొదటి మాట, "అవి తిన్నాయా అక్కా?" అని. నాకు ఒళ్లు మండిపోయింది. గర్భసంచి తీస్తే మంచం పక్కన కూర్చోవలసిన తోడబుట్టినదాన్ని, తెనాలిలో రెండు జంతువుల పెంట ఎత్తుతూ కూర్చున్నాను. అదీ తన మాట మీదే. "నా దగ్గర మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఉంటుంది. నువ్వు వాటి దగ్గరుండు. నేనొచ్చేదాకా వాటిని బతికించు, చాలు" అని మాట తీసుకుని మరీ వెళ్లింది.

అవంటే ఫెర్రెట్లు. ముంగిసలా పొడుగ్గా ఉంటాయి, ఒళ్లు మాత్రం పిల్లికంటే మెత్తన. బాపట్లలో ఒంటరిగా ఉండే చెల్లెలు రెండేళ్ల కిందట హైదరాబాదు నుంచి తెచ్చుకుంది, ఒక మగది, ఒక ఆడది. అవి మా ఇంటికి వచ్చాక, "టీచరు గారు ముంగిసల్ని పెంచుతున్నారంట" అని నా గురించి చెప్పుకుంటూ మా వీధివాళ్లు గేటు దగ్గర నిలబడి చూసి పోయేవారు.

ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చింది. రోజుకు నాలుగుసార్లు పచ్చి కోడిమాంసం, కందనకాయ, కార్జం. ఇంకేమీ వద్దు. ట్రేలో కాగితాలు రెండుపూటలా మార్చాలి, పడుకునే గుడ్డలు ఉతకాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నాకు ఇది చెప్పేదేంటి అనుకుని ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద పడేశాను.

శుభ్రం విషయంలో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. బోను కడిగేటప్పుడు వాటిని గదిలోకి వదిలేదాన్ని. పాత నూలు చీర చింపి కట్టిన ఉయ్యాల పక్కల కింద, బోను మూలల్లో, రోజూ మాంసం ముక్కలు దొరికేవి. చీమలు పట్టి, వాసన కొడుతూ. "పెట్టింది తినకుండా దాస్తారా, దొంగముండల్లారా!" అని తిట్టి, ఒక్క ముక్క కూడా మిగలకుండా ఊడ్చి చెత్తబుట్టలో వేసేదాన్ని.

ఇంతలో రోహిణి కార్తె వచ్చింది. రెండూ వాలిపోయి, నోళ్లు తెరుచుకుని పడుకున్నాయి. తడి తువ్వాళ్లు కప్పాను, ఐసు సీసాలు పెట్టాను. అయినా మగది తల ఎత్తలేదు. అప్పుడు నాకు రేపల్లెలో మా అమ్మ గుర్తొచ్చింది. ఎండాకాలంలో కళ్లు మండినా, ముక్కు నుంచి రక్తం కారినా, సెగ్గడ్డ లేచినా "వేడి చేసింది" అని పెరుగన్నం ముందు పెట్టేది. మేమిద్దరం దాంతోనే బతికి బట్టకట్టాం. ఈ ఎండల్లో పూటపూటా మాంసమంటే మనిషికే వేడి చేస్తుంది, గుప్పెడంత ప్రాణి ఏం తట్టుకుంటుంది? మాంసం పూర్తిగా మానిపించాను. మెత్తగా పిసికిన అన్నంలో గడ్డపెరుగు కలిపి గిన్నెలో పెట్టాను.

ఆడది వాసన చూసి వెళ్లిపోయింది. మగది గిన్నె నాకేసింది. నాకెంత సంతోషమో! ఈగల్లేవు, నీచు వాసన లేదు. చెల్లెలికి ఫోన్ చేసి "నీ కొడుకు గిన్నె నాకేస్తున్నాడే" అన్నాను. తను నవ్వి, "నవ్వించకక్కా, కుట్లు లాగుతున్నాయి" అంది. గిన్నెలో ఏం పెట్టానో తను అడగలేదు, నేను చెప్పలేదు.

నాలుగో రోజు నుంచి మగదానికి విరేచనాలు పట్టుకున్నాయి, ఆకుపచ్చగా, జిగటగా. వేడి ఇంకా దిగలేదనుకుని పలచటి మజ్జిగ కూడా మొదలుపెట్టాను. అది తాగేది, వెంటనే పోయేది. రోజుకు ఎనిమిదిసార్లు బోను కడిగాను. నీళ్లలో నాని చేతులు పాసిపోయాయి. ఆడదానికి మొండితనమని, కడుపు కాలితే అదే తింటుందని నిర్ణయించాను. గుంటూరులో చెల్లెలికి జ్వరం తగిలి ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపలేదు. వీడియో కాల్ చేయమంటే నెట్ రావడం లేదని అబద్ధం చెప్పాను.

తొమ్మిదో రోజు పొద్దున మగది గిన్నె దాకా పాక్కుంటూ వచ్చి, అంచు మీద గడ్డం ఆనించి ఆగిపోయింది. బుట్టలో తడి తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టి, బాపట్లలో చెల్లెలు చూపించే పశువుల డాక్టరు దగ్గరికి రైలెక్కాను. ఎదురు సీటులో ఒకామె "ఏంటమ్మా అది, ముంగిసా?" అని అడిగింది. జవాబు చెబితే ఏడుపు వస్తుందని కిటికీ వైపు తిరిగాను. "ప్రభువా, తనొచ్చేదాకా దీని ప్రాణం ఆపు. ఆ తర్వాత నీ ఇష్టం" అని ప్రార్థన చేశాను. అంతకుమించి అడగడానికి మొహం చెల్లలేదు.

డాక్టరు గారు దాని పొట్ట నొక్కి చూశారు. "ఏం పెడుతున్నారండీ?"

"పెరుగన్నమండి. చలవ చేస్తుందని."

"ఎన్నాళ్ల నుంచి?"

"తొమ్మిది రోజులండి."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "దీనికి మాంసం తప్ప ఇంకేదీ ఒంటబట్టదమ్మా. ఎంత తిన్నా పస్తున్నట్టేనండి" అని సెలైన్ ఎక్కించారు. ఉడికించిన కోడి రసం ఒక చుక్క మూతికి రాశారు. దాని నాలుక బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోలేదు.

ఖాళీ బుట్టతో తిరిగి వచ్చాను. ఇంట్లో ఆడది కూడా చచ్చి ఉంటుందనుకుంటూ తలుపు తీశాను. పొద్దున కంగారులో బోను గడియ వేయడం మరిచిపోయాను, బోను ఖాళీ. కుట్టుమిషను వెనక గీరుతున్న చప్పుడు వినిపించింది. నడుంనొప్పి వల్ల ఆ మిషను జరిపి ఏడాదైంది. ఆ రోజు జరిపాను. నా పాత చెప్పులో, ఎండి నల్లబడిన కందనకాయ ముక్కలు, కోడి చర్మం. నేను బోను కడిగిన ప్రతిసారీ అది పరుగెత్తింది అక్కడికే. ఇల్లంతా ఊడ్చిన నేను ఊడవని ఆ ఒక్క మూలే దాన్ని తొమ్మిది రోజులు పోషించింది. అక్కడే నేల మీద కూలబడి బావురుమన్నాను.

వారం తర్వాత చెల్లెలు పొట్ట మీద చెయ్యి వేసుకుని కారు దిగింది. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయని మగదాని సంగతి నేను ఫోన్లో చెప్పలేదు. బోను ముందు వంగి చూసింది. మళ్లీ చూసింది. నా నోటి నుంచి అంతా ఒక్క ఊపిరిలో బయటికి వచ్చింది. మాంసం మానిపించడం, దాచుకున్నది పారేయడం, పెరుగన్నం, రైలు. "నేనే చంపానే" అన్నాను.

తను బోను ఊచ పట్టుకుని నిలబడింది. తనకు ఊరటగా ఉంటుందని, "ఇష్టంగానే తిందే. రోజూ గిన్నె నాకేసేది" అన్నాను.

"ఇష్టమై కాదక్కా" అంది, నా వైపు చూడకుండానే. "ఆకలేసి."

తర్వాత మెల్లగా నేల మీద కూర్చుని ఆడదాన్ని వదిలి, కార్జం తెమ్మంది. గిన్నెతో తెచ్చి ఇచ్చాను. అది ఒక ముక్క నోట కరుచుకుని కుట్టుమిషను వెనక్కి పరుగెత్తింది. మళ్లీ వచ్చి ఇంకొకటి పట్టుకెళ్లింది. మేమిద్దరం దాన్ని ఆపలేదు.