ఫిట్టరు కాక కారు, నా కరపత్రం

మా పక్క క్వార్టరు ఫిట్టరును మేమంతా కాక అని, అంటే బాబాయి అని, పిలిచేవాళ్లం. ఆయన పోయిన మంగళవారం తెల్లవారుజామున దవాఖానలో చనిపోయాడు. పదిహేనేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాం. అయినా ఆ కబురు నాకు కాగితం మీద అందింది. నేను గని ఆఫీసులో గుమాస్తాను. మొదటి షిఫ్టుకు వచ్చి కూర్చుంటే, సెలవు చీటీల కట్టలో దవాఖాన పంపిన ఆయన చావు కాగితం ఉంది. కారణం రాసే చోట ‘గుండె’ అని ఒక్క ముక్క. ముప్ఫై ఏళ్లు బొగ్గు దుమ్ము పీల్చి, ఆరేళ్లుగా దగ్గుతున్న మనిషికి గుండె మాత్రమే ఎలా ఆగిందో నాకు అర్థం కాలేదు. ఆ ముక్క రాసిన చెయ్యి ఎవరిదో కనుక్కోవాలనిపించింది. నా బుద్ధి అంత. చావు కబురు చదివినా ముందు రాసినవాణ్ని అనుమానిస్తాను.

ఈ పత్రిక చదివేవాళ్లకు నా నోటి సంగతి కొత్త కాదు. పోయినవాళ్లందరినీ పుణ్యాత్ములను చేసే రాతలంటే నాకు ఒళ్లుమంట. సమాధుల దగ్గర పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒక అధికారి ముందుకు వచ్చి, “క్రమశిక్షణ గల కార్మికుడు” అన్నాడు. అధికారి నోట కార్మికుడికి పొగడ్త వచ్చిందంటే అందులో ఏదో కిరికిరి ఉంటుంది. బతికున్నప్పుడు ఆ క్రమశిక్షణకు ఒక ప్రమోషనైనా ఎందుకివ్వలేదని అడగబోయి ఆగాను. ఎందుకంటే కాక గురించి ఈ వాడలో ఆడిన అబద్ధాలన్నిట్లోకీ పెద్దది నాది. అధికారిది దాని ముందు పసిపిల్లల మాట. ఇది ఆ అబద్ధాన్ని దిద్దే రాత. ఏడేళ్లు ఆలస్యంగా రాస్తున్నాను.

సంగతంతా ఒక కారు దగ్గర మొదలైంది. పైకప్పు లేని, రెండే సీట్ల, ముక్కు పొడుగు ఇంగ్లీషు కారు. ఎవరో తెల్ల ఇంజనీరు వదిలిపోతే మా వైపు దొర కొడుకొకడు కొన్నాడట. పందెం గుర్రంలా ఊళ్ల మధ్య ఉరికించేవాడు. ఒక వానాకాలం అది బురదలో దిగబడితే మా ఊరి మగవాళ్లందరినీ పిలిపించి తోయించాడు. తోసినవాళ్లలో మా నాన్న ఉన్నాడు. ఒళ్లంతా బురదై ఇంటికొచ్చిన నాన్నను చూశాను కాబట్టి, ఆ కారంటే నాకు చిన్ననాటి నుంచీ పగ. తర్వాత దొర కొడుకుకు మోజు తీరింది. కారు పశువుల కొట్టంలో పడింది. దాన్ని పాత ఇనుము కింద మా కాక తీసుకున్నాడు. బసంత్‌నగర్ పోయే సిమెంటు లారీ వెనక తాడు కట్టించి, మా వాడలోకి లాక్కొచ్చాడు.

నల్లా దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. సీట్లలో కోడి ఈకలు, తలుపు దగ్గర చెదపుట్ట.

“ఏందక్కా, మీ ఆయన కోళ్ల గూడు కొనుక్కొచ్చిండా?” అని ఒకామె.

“కోళ్ల గూడైతె గుడ్లన్న దొరుకుతుండె. ఇది పెట్రోలు తాగి పొగ పెడ్తది!” అంది కాక భార్య. ఆమెను నేను చిన్నమ్మ అంటాను.

ఆ మరుసటి ఆదివారం, వాళ్లు చర్చి నుంచి రాగానే, గోడ మీది నుంచి వంగి నేనే కయ్యానికి దిగాను.

“ఏం కాకా, దొర కారుకు సేవ మొదలువెట్టినవా?”

“దొర యాడున్నడు బిడ్డా? కారొక్కటే ఉన్నది.”

“ఇది దేనికి పనికొస్తది?”

“పని నేను చేస్తున్న గద. అది గూడ చెయ్యాల్నా?”

నాకు అలాంటి జవాబులు నచ్చవు. కార్మికుడి శ్రమకు ప్రయోజనం ఉండాలి, అది వర్గానికి ఉపయోగపడాలి అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. కాక ఇంజను మూత తుడుచుకుంటూ అంతా విన్నాడు. చివరికి అన్నాడు:

“గనిల పంపు ఆగిందనుకో. పదిమంది నా నెత్తి మీద నిలవడి జల్ది జల్ది అంటరు. ఎట్లనో అట్ల నడిపిచ్చి వస్త. ఆ పని మంచిగ చేసిన్నో లేదో సూసుకునే టైమే ఉండది. దీని కాడ ఎవ్వడు నిలవడడు. తప్పు బిగిస్తె మల్ల ఇప్పుకుంట. ఎనిమిది గంటలు వాళ్లయి. ఈ కొంచెం నాది.”

శ్రమను గురించి నేను చదివిన లావు పుస్తకాలన్నీ చెప్పేది ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ‘ఈయన మాట దాటేస్తున్నాడు’ అనుకున్నాను.

నాలుగేళ్లు చేశాడు ఆ పని. కారు చట్రం లోపలంతా కర్రే. చెద తినేసిన ఆ కర్రలను ఎడ్లబండి చక్రాలు చేసే వడ్లాయనతో కొత్తగా చెక్కించాడు. “బండికి వంపు లేదు కాకా, దీనికన్నీ వంపులే!” అని ఆయన మొత్తుకుంటే, పక్కనే కూర్చుని అట్ట ముక్కలు కత్తిరించి ప్రతి వంపూ చూపించాడు. చక్రాల పుల్లలను సైకిలు షాపులో ఒక్కొక్కటే బిగించి సరి చేశాడు. వాల్వులు నూరేటప్పుడు కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి, చిన్నమ్మ చల్ల చిలికినట్టు తిప్పేవాడు. సామాను పెట్రోలులో కడగడానికి ఒకసారి ఆమె ఇత్తడి పళ్లెం తీసుకున్నాడు. ఆ రోజు వాడంతా ఆమె గొంతు విన్నది. “దానికే బువ్వ పెట్టు, అదే నీకు ఒండిపెడ్తది!”

గని వర్కుషాపు నుంచి మాత్రం ఒక్క మేకు తెచ్చేవాడు కాదు. తుడిచే గుడ్డ కూడా చిన్నమ్మ పాత చీర పేలికే. డ్యూటీ దిగి గేటు దాటేటప్పుడు, కాపలా అతను అడగకముందే టిఫిను డబ్బా మూత తీసి చూపేవాడు. “నిన్ను అడిగిన్నా కాకా?” అని కాపలా అతను నొచ్చుకుంటే, “అడగకముందు సూపిస్తె నాకు మర్యాద. అడిగినంక సూపిస్తె నీకు మర్యాద” అనేవాడు. నేనది చూసి ఏమనుకున్నానో చెప్పనా? ఇంత నీతి చూపించేవాడు ఏదో దాస్తున్నాడు అనుకున్నాను.

దానికితోడు, ఆదివారాలు ఇద్దరు కుర్ర ఇంజనీర్లు స్కూటరు మీద వచ్చి కారు చూసిపోయేవారు. నవ్వుకునేవారు, ఏదో మాట్లాడుకునేవారు. అవతల అధికారి నవ్వు వినపడుతుంటే ఇవతల సంఘం మనిషికి అన్నం దిగదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఏడుగురం రహస్యంగా కూర్చున్నాం. కొత్త సంఘం పెట్టాలని మాట. నేను నీళ్లకని పెరట్లోకి వచ్చి గోడ మీది నుంచి చూశాను. కారు మా గోడను ఆనుకుని ఉంది. కాక మోకాళ్ల మీద కూర్చుని, మూరెడు కర్ర ఒక కొసను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండో కొస కింద గోడ వైపు ఉంది. ఇంజను నడవడం లేదు, సుత్తి చప్పుడు లేదు. అంత నిశ్శబ్దంలో మనిషి వినేది ఇంకేముంటుంది? పిల్లిలా వెనక్కి వచ్చేశాను.

పదిహేను రోజులు తిరగకుండా ఆ ఏడుగురిలో ముగ్గురికి గోదావరి అవతల రామకృష్ణాపూర్ వైపు గనులకు బదిలీ అయింది. నేను కాకను ఒక్క మాట అడగలేదు. కర్ర సంగతి మరెవరినీ అడిగి తెలుసుకోలేదు. కూర్చుని కరపత్రం రాశాను. “కార్మిక సోదరులారా! నలుగురు దొరలెక్కి ఊరేగిన కారును ఎవరు తుడుస్తున్నారో చూడండి. ఆ మనిషి చెవి ఏ గోడకు ఆనుతున్నదో కూడా చూడండి.” కాక పేరు రాయలేదు. నా పేరూ పెట్టలేదు.

పేరు అక్కర్లేకపోయింది. గని లోపల సద్ది విప్పుకునే వేళ పదిమంది చుట్టూ కూర్చుని ఒకరి కూర ఒకరు కలుపుకోవడం ఇక్కడి పద్ధతి. కాక వచ్చి కూర్చుంటే అందరూ లేచిపోయారు. క్రిస్మస్‌కు వాళ్లింటి నుంచి వరసలో ఉన్న ప్రతి గడపకూ గారెలు, కేకు పళ్లెంలో వచ్చేవి. ఆ ఏడాది పళ్లేలు కప్పిన గుడ్డ తియ్యకుండానే తిరిగి వెళ్లాయి. మొదట తిప్పి పంపిన గడప మాది. కారు తయారయ్యాక, కాక దానికి ముదురు ఆకుపచ్చ రంగు వేసి, చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గోదావరి ఒడ్డుకు తీసుకుపోయిన రోజున కూడా వాడలో ఒక్కరు బయటికి రాలేదు. కిటికీ సందులోంచి చూశాను. ఆమె కొంగు తలకు చుట్టుకుని ముందుకే చూస్తోంది. ఆయన మాత్రం ప్రతి తలుపు వైపూ ఒకసారి చూసి, హారను కొట్టకుండా పోయాడు.

మరుసటి వేసవిలో ఒక సంతకం కోసం పంపుహౌసుకు పోవలసి వచ్చింది. గని మీద అన్నేళ్లు రాసినవాణ్ని, యంత్రం పక్కన నిలబడింది అదే మొదటిసారి. అక్కడ వేరే ఫిట్టరు ఒకడు మూరెడు కర్ర బేరింగుకు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. సంతకం సంగతి వదిలి అతని దగ్గరికి పోయాను.

“ఏం చేస్తున్నవ్?”

“ఇంటున్న సార్. బేరింగు పాడయ్యేముందు గొణుగుతది. కర్రల నుంచి ఇనపడ్తది. ఫిట్టరన్నోడందరు గిట్లనే ఇంటరు.” తర్వాత నా మొహం చూసి నవ్వాడు. “ఇన్నేండ్లాయె, తెల్వదా సార్?”

తెలియదు. గనిలో పనిచేసే ఎవడినడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు.

ఆ సాయంత్రమే కాక పెరట్లోకి పోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ కర్ర చూపించమన్నాను. ఆయన ఇరుసును ఇటుకల మీదికి ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పి, కర్ర ఒక కొస ఇరుసుకు, రెండో కొస నా చెవికి ఆనించాడు. సన్నగా, పట్టుచీర రాసుకున్నట్టు చప్పుడు.

“మంచిగున్నది” అన్నాడు. “చెడితె పండ్లు కొర్కినట్టు ఇనపడ్తది.”

“కాకా, ఆ కరపత్రం...”

“నీదే. నాకు ఎర్కే. సోదరులారా అని మొదలువెట్టి సివరికి తన్నే రాత ఈ ఊర్లె ఇంకెవలది?” కర్రను గుడ్డతో తుడిచాడు. “మంచిగనే రాసినవ్ గని, నలుగురు దొరలెక్కిన్రు అన్నవ్. ఇది రెండు సీట్ల బండి. గంత మోటుగ ఎట్ల రాసినవ్ బిడ్డా?”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనే మళ్లీ అన్నాడు, ఈసారి నా వైపు చూడకుండా. “తప్పైందని మల్లొక కాయితం రాయరాదు? నాకోసం గాదు. మీ చిన్నమ్మ నల్లా కాడికి ఒక్కతే పోతున్నది.”

“రాస్తా కాకా” అన్నాను.

రాయలేదు. ముందు సంఘం ఎన్నికలన్నాను. తర్వాత సమ్మె అన్నాను. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే శత్రువు చేతికి కర్ర ఇచ్చినట్టేనని నాకు నేనే ఉపన్యాసాలిచ్చుకున్నాను. కాలం గడిచి వాడ కొంత మెత్తబడింది. ఎవరో ఒకరిద్దరు సద్ది పంచుకున్నారు. కానీ పూర్తిగా నమ్మలేదు. కాక మళ్లీ అడగలేదు. ఆ ముగ్గురి పేర్లు ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలియదు. నాకిద్దరి మీద అనుమానం ఉంది. రాయను.

సమాధి అయిన తర్వాతి ఆదివారం పొద్దున చిన్నమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది. “బాబూ, జర రా. వారానికొక్కపారి నడిపియ్యకపోతె ఇంజను పట్టేస్తదని చెప్పి పోయిండు. నాతోని హ్యాండిలు తిర్గుతలేదు.”

కారు ముందు హ్యాండిలు దూర్చి పట్టుకున్నాను. ఆమె వచ్చి నా బొటనవేలు తీసి మిగతా వేళ్ల పక్కన పెట్టింది. “గట్ల పట్టుకుంటె ఎనకకు తంతది. ఏలు ఇరుగుతది” అంది. మూడోసారికి ఇంజను అందుకుంది. ఆ మోతకు వరసలోని తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం వచ్చి నిలబడ్డారు. కొందరి కళ్లల్లో నీళ్లున్నాయి. కొందరు, మనిషి పోయాక కూడా, ఆ కారును అదే పాత చూపుతో చూస్తున్నారు. ఆ చూపు నేర్పింది నేను.

ఆమె దగ్గరికి జరిగి, “చిన్నమ్మా, ఆ కాయితం రాసింది నేనే. కాకది ఏ తప్పూ లేదు” అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. ఇంజను మోతలో ఆ మాట ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె తలుపు మీది నుంచి చెయ్యి పోనిచ్చి తాళంచెవి తిప్పింది. మోత ఆగిపోయింది.

“గిప్పుడు చెప్పు” అంది.

ఇంజను మూత కింద వేడి ఇనుము టిక్కుటిక్కుమని చల్లారుతోంది. ఎవరూ ఇంట్లోకి పోలేదు.