గుమ్మంలో ఆగిన తాతయ్య

నా చిన్నప్పటి సంగతి ఏది చెప్పినా గోరంతను కొండంత చేస్తానని మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకూ ముందే చెప్పేస్తున్నాను. కోపంలో ఉంటే మరీ చేస్తాను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బాబాయికి పామర్రులో సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకోవడానికి కంకిపాడు నుంచి వెళ్లాం. మా వైపు పెద్దమనిషి మా తాతయ్య. ఆ ఇంటి వాకిలి నిండా బండి చక్రాలంత ముగ్గులు. తొక్కకూడదని తాతయ్య ఒక్కో గీతా దాటుకుంటూ గుమ్మం దాకా వచ్చి, గడప ముందు టక్కున ఆగిపోయాడు. మేకులు కొట్టినట్టు పాదాలు నేలకు అతుక్కుపోయాయి. ముహూర్తానికి ఇంకా పావుగంటే ఉంది. తక్కువలో తక్కువ నాలుగు వందల మంది చోద్యం చూస్తున్నారు.

"ఏంటండీ బావగారూ, మర్యాదల్లో ఏం తక్కువ చేశాం? మొహాన నవ్వన్నా లేదు!" అన్నాడు పెళ్లికూతురి నాన్న, గుర్రపు తోకంత మీసం దువ్వుకుంటూ.

"అలక కాదు పెదనాన్నా, మందు. ఆ చెయ్యి చూడు," అని ఎవడో కిసుక్కుమన్నాడు.

కల్లు వాసన ఎరగని మనిషిని పట్టుకుని! ఊరికే ఉంటే వణికే ఆ చెయ్యి, మంచినీళ్ల గ్లాసు అందుకోగానే కుదురుకునేది. ఆమాత్రం చూసే కళ్లు లేవా? ఇంతలో ఒక దుర్మార్గుడు వెనక నుంచి ఆయన్ని తోశాడు. తాతయ్య తూలి ద్వారబంధం పట్టుకున్నాడు. కాళ్లు మాత్రం కదల్లేదు.

"ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి," అని మీసాలాయన తాంబూలం పళ్లెం కింద పెట్టేశాడు.

అప్పుడు పెళ్లికూతురే ముగ్గుగిన్నెతో బయటికొచ్చింది. "అలకా లేదు, ఏం లేదు నాన్నా. వాకిట్లో ముగ్గులు ఎంచక్కా దాటొచ్చారు, కిటికీలోంచి చూశాను." తాతయ్య కాళ్ల ముందు నుంచి నట్టింటి దాకా అడుగుకొకటి అడ్డగీతలు గీసింది. "మామయ్యగారూ, తొక్కకండేం!"

తాతయ్య మొదటి గీత దాటాడు. తర్వాత గడప. ఆ తర్వాత వరసగా అన్నీ.

అది పార్కిన్సన్స్ జబ్బని చాలా ఏళ్లకు బెజవాడ డాక్టరు చెప్పాడు. మెదడు నడుమ నల్లటి మచ్చలాంటి చోట కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు చచ్చిపోతాయట. తనంతట తాను సాగే నడక గుమ్మాల దగ్గర ఆగిపోతుందట, మొహం బిగుసుకుని నవ్వు పైకి రాదట. కంటికి గీత కనబడితే మెదడు వేరే దారి పట్టి అడుగు వేయిస్తుందట. పిన్నికి ఇదంతా ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఆయన కాళ్లకేసి చూసింది, మేమంతా మొహంకేసి చూశాం.

ఇక కల్పనల సంగతి. వచ్చింది నాలుగు వందల మంది కాదు, పాతిక మంది. మీసం మామూలు మీసమే. ఆ దుర్మార్గుడు కూడా కల్పనే. సిగ్గేసి తాతయ్యను వెనక నుంచి తోసింది నేను. ఇప్పటికీ ఎవరైనా గుమ్మంలో ఆగితే, నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడతాను.