పాపానికో పాత ఫోన్

అయినా దుప్పట్లు ఎవరడిగారు? మా ఫ్లాట్‌మేట్ అడిగింది పాత ఫోన్లు. ఆమె యుద్ధం జరుగుతున్న దేశం నుంచి వచ్చిన విలేకరి. ఇప్పుడు ఈ పరాయి దేశంలో, టకానిని పేటలో మాతో ఉంటూ, తన ఊళ్లో నేలమాళిగలో చదువుకుంటున్న పిల్లలకు ఆదివారాలు వీడియో కాల్‌లో వార్తలు తీయడం నేర్పుతోంది. అక్కడ అందరికీ కలిపి ఒకటే ఫోన్. అదీ కొనఊపిరితో ఉంది. అది పోతే క్లాసు కూడా పోతుంది.

మన తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టాను. దుప్పట్లు వచ్చాయి, స్వెట్టర్లు వచ్చాయి, ఒక సీసాడు ఆవకాయ కూడా వచ్చింది. "యుద్ధంలో ఉన్నోళ్లకి ఫోన్లెందుకే? ముందు తిండీ బట్టా చూడాలి గానీ" అని గ్రూపు నడిపే ఆంటీ వాయిస్ మెసేజ్. అదీ నిన్నగాక మొన్న కొన్న కొత్త ఫోన్‌లోంచి! నాకు ఒళ్లు మండిపోయింది.

దానికి తోడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మా ఫ్లాట్‌మేట్‌ను చూసి "పాపం" అనడం. ఆమె ఆ మాటకి ఫోన్‌లో అర్థం వెతికింది. "నేనేం తప్పు చేశానని నన్ను పాపం అంటున్నారు?" అని నిలదీసింది. జాలి అని చెప్పొచ్చు. కానీ జాలంటే ఆమెకు అస్సలు పడదు. అందుకే, "మా భాషలో దానర్థం, 'నా పాత ఫోన్ నీకిస్తా' అని" చెప్పాను. విలేకరి కదా, నమ్మలేదు. కన్ను మాత్రం కొట్టింది.

ఆ శనివారం బోటనీ అనే పేటలో ఆంటీ ఇంట్లో భోజనాలు. ఆంటీ ఆమె ప్లేట్లో గారె వేస్తూ, "పాపం, ఎంత చిక్కిపోయిందో!" అంది.

ఆమె టక్కున చెయ్యి చాపింది. "థాంక్యూ ఆంటీ. ఫోన్?"

"ఫోనేంటే?" ఆంటీ నా వైపు తిరిగింది. నేను అర్థం చెప్పాను. హాలంతా ఘొల్లుమంది.

"సిగ్గులేదుటే, భాషనిలా పాడుచేస్తావా?"

"మీ పాత ఫోన్ సొరుగులో ఏం చేస్తోంది ఆంటీ, కునుకు తీస్తోందా?"

అంకుల్ మెల్లగా లోపలికెళ్లి ఛార్జర్‌తో సహా దాన్ని పట్టుకొచ్చారు. "పాపం అన్నది మీ ఆంటీయేనమ్మా, నేను కాదు."

ఆ పూట ఇంకెవరూ పాపం అనలేదు. అప్పటికే అనేసినవాళ్లను మాత్రం నేను వదల్లేదు.

ఫోన్లను మా ఫ్లాట్‌మేట్ పాత సహోద్యోగి ఒకరు వాళ్ల ఊరికి పట్టుకెళ్లారు. మొన్న ఆంటీ ఫోన్‌తో తీసిన మొదటి వార్త వచ్చింది. బడి లైబ్రరీలో మిగిలిన పుస్తకాలను పిల్లలు చేతులు మార్చుకుంటూ నేలమాళిగలోకి దించుతున్నారు. ఆంటీ అది చూసి గ్రూపులో "పాపం" అని టైప్ చేసి, గబుక్కున డిలీట్ చేసింది. నేను స్క్రీన్‌షాట్ తీసేశాను లెండి. వాళ్లింట్లో పాత టాబ్లెట్ కూడా ఉంది.

నేను చెప్పిన అర్థం తప్పంటారా? అయితే ముందు మీ సొరుగు తెరిచి చూపిస్తారా?