ఎండకు వంగిన పాటలు

పోయిన మంగళవారం పని నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి ఉన్నాను. తలుపు చప్పుడైంది. పక్కింటి పెద్దాయన చెల్లెలు. "మా అన్నయ్య పొద్దున పోయాడమ్మా," అంది.   ఆమె చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడ్డాను. చివరికి ఆమే నన్ను కూర్చోబెట్టింది.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. నేను చదివింది ఏడో క్లాసు వరకే. పత్రికకి రాయడం ఇదే మొదలు. రాయకపోతే మనసులో బరువు దిగేలా లేదు.

మేము అమెరికాలోని జార్జియాకి వచ్చి నాలుగేళ్లయింది. మా ఆయన కార్పెట్ మిల్లులో పనిచేస్తారు. నేను ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. మా వాటాకీ పెద్దాయన వాటాకీ మధ్య ఒకటే గోడ. ఆయన నూలు మిల్లులో ముప్పయ్యేళ్లు చేసి, ఆ దూది పొడికి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. నాలుగడుగులు వేస్తే ఆగి దగ్గేవారు.

శనివారం మధ్యాహ్నం మాత్రం ఆయన బండి పెట్టుకునే గరాజ్ నిండిపోయేది. మిల్లు స్నేహితులు ముగ్గురు వచ్చేవారు. వినేది ఒకటే రికార్డు. ఇక్కడి దక్షిణ రాష్ట్రాల కుర్రాళ్లు కొందరు పదేళ్ల కిందట పాడినదట. అలాంటి గిటార్ల పాటల్ని సదరన్ రాక్ అంటారట. రెండు వైపులా పూర్తిగా వినాలి. మధ్యలో మాట్లాడినవాడు లేచి బయట మెట్ల మీద కూర్చోవాలి. అది వాళ్ల నియమం. ముగ్గురిలో గడ్డమాయన ప్రతివారం మెట్ల మీదే ఉండేవాడు.

మొదట్లో నాకు అదంతా గోల. వారమంతా నిలబడి నిలబడి, ఆ కాసేపు నడుం వాలుద్దామంటే గోడ అదిరేది. ఒకరోజు పెద్దాయన పీచ్ పళ్లు పట్టుకొచ్చారు.

"యంగ్ లేడీ, మా పాటలతో నీకు ఇబ్బందా?"

"నో సార్," అన్నాను, తల ఎత్తకుండా.

"సార్ అంటే మా సూపర్‌వైజరు. నేను కాదు. నిద్ర చెడగొడుతున్నాం కదా? ఎలాగూ చెడింది, వచ్చి కూర్చో."

ఆ శనివారం పకోడీల పళ్లెంతో వెళ్లాను. తలుపు పక్కన నాకో కుర్చీ వేశారు. తర్వాత ప్రతివారం అది అక్కడే ఉండేది.

వినడం నాకు ఆయనే నేర్పారు. "మూడు గిటార్లున్నాయి. ముగ్గురు అన్నదమ్ములు వాదించుకుంటున్నట్టు విను. ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు," అనేవారు. ఒకతను చిన్న మందుబిళ్లల సీసా వేలికి తొడుక్కుని తీగల మీద జారుస్తాడట. ఆ ధ్వని వింటే మా ఊరి పెళ్లిళ్లలో సన్నాయి గుర్తొచ్చేది. ఆఖరి పాట చర్చిలో పాటలా నెమ్మదిగా మొదలై, చివరికి రైలులా పరుగెత్తేది. అది అయ్యేదాకా పెద్దాయన దగ్గు కూడా ఆపుకునేవారు.

మూడేళ్ల కిందట జూలైలో ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. ఇంటి తాళం నాకిచ్చి, మొక్కలకి నీళ్లు పొయ్యమన్నారు. గరాజ్ ఊడుస్తుంటే రికార్డు కనిపించింది. ఎవరో దాని మీద కోక్ ఒలకబోశారు, జిగటగా ఉంది. పాపం, ఆయన వచ్చేసరికి శుభ్రంగా ఉండాలనుకున్నాను. సబ్బునీళ్లతో సుతారంగా కడిగాను. కడిగింది ఏదైనా ఎండలో పెట్టడమే నాకు తెలుసు. బాల్కనీలో మినప వడియాలు ఆరబెట్టిన గుడ్డ మీదే, వాటి పక్కన పెట్టాను. గంట తర్వాత చూస్తే అప్పడంలా వంకర తిరిగిపోయింది.

"పాట పెట్టుకునే బిళ్లేగా, ఇంకోటి కొని పెట్టేద్దాం. నోరెత్తకు," అన్నారు మా ఆయన.

"వాళ్లు కనిపెట్టేస్తారండీ. అందులో ఏ గీత ఎక్కడుందో కూడా వాళ్లకి తెలుసు," అన్నాను.

పెద్దాయన ఇంటికొచ్చిన రోజు దాన్ని పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "మీ ఇంట్లో బియ్యం బస్తా ఉంటుందిగా?" అన్నారు. రెండు కిటికీ అద్దాల మధ్య రికార్డు పెట్టి, పైన బస్తా పెట్టించారు. పదిరోజులకి కొంత సర్దుకుంది. కానీ ఆఖరి పాటలో గొంతు పడవలో కూర్చుని పాడినట్టు ఊగేది.

"ఎవడు చేశాడురా ఈ పని?" అని, ఆ శనివారం అది వినగానే గడ్డమాయన లేచి అరిచాడు.

నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. పెద్దాయన నావైపు చూడనైనా చూడలేదు. "నేనే. ఎండలో ఆపిన ట్రక్కులో డాష్‌బోర్డు మీద మరిచిపోయాను."

ఇక మూడేళ్లు ఆయనకి ఎగతాళే. "నీకు తాళం కూడా ఇవ్వకూడదురా, డాష్‌బోర్డు మీద పెడతావు!" అనేవారు స్నేహితులు. ఆయన నవ్వేవారు. నేను పకోడీలు అందిస్తూ నోరు మూసుకునేదాన్ని. ఒకసారి ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, ఎందుకలా చెప్పారని అడిగాను. "నన్ను తిట్టడం వాళ్లకి అలవాటే. నిన్నొకసారి అంటే నువ్వు మళ్లీ ఈ గడప తొక్కవు," అన్నారు.

శుక్రవారం సమాధి దగ్గర నుంచి అందరం గరాజ్‌కే వచ్చాం. చెల్లెలు కాఫీ పోసింది. గడ్డమాయన రికార్డు ఎత్తి పట్టుకుని, "జూలై నెలలో దీన్ని డాష్‌బోర్డు మీద పెట్టిన ఒకే ఒక్క మొద్దు! దేవుడా, పైన వాడి చేతికి ఏ వస్తువూ ఇవ్వకు," అన్నాడు. అందరూ నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. ఆయన లేరు, ఆ మాట మాత్రం ఇక ఎప్పటికీ ఆయన మీదే ఉండిపోతుంది.

లేచాను.  మా ఆయన నా కొంగు పట్టి లాగారు.

"ఆయన కాదు. నేను," అన్నాను. "కడిగాను. ఎండలో పెట్టాను. ఆయన నాకోసం అబద్ధం చెప్పారు."

నాకొచ్చిన ఇంగ్లీషు అంతే.  గడ్డమాయన రికార్డుని నెమ్మదిగా అట్టలో దూర్చాడు.

"మూడేళ్లా?" అన్నాడు.

"అవును."

"ఒక్కసారైనా చెప్పలేదే ముసలోడు."

నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించానని కూడా అనలేదు. బయటికి నడిచాడు. ఇంటి ముందు గడ్డి సగమే కోసి ఉంది. సోమవారం పెద్దాయన కోస్తూ ఆయాసమొచ్చి ఆపేశారట. గడ్డి కోసే మిషను ఆయన ఆపిన చోటే నిలబడి ఉంది. గడ్డమాయన తాడు లాగాడు. స్టార్టవలేదు. మళ్లీ లాగాడు. ఇంజను అందుకున్నాక, నల్లకోటు విప్పకుండానే, టై భుజం మీదికి వేసుకుని, మిగిలిన సగం కోయడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ టోపీలు చేత్తో పట్టుకుని ఎండలో నిలబడ్డారు. నేనూ వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను. గడ్డమాయన వంకర లేకుండా, ఒక్కో గీతా మలుపు దాకా తీసుకెళ్లి తిప్పుతూ వచ్చాడు. మెరిసే బూట్ల నిండా పచ్చటి గడ్డి అంటుకుంది.