అమృతం తొలి కాంట్రాక్టు

మెల్‌బోర్న్‌లో ఓ పెద్దాసుపత్రి సర్జికల్ వార్డులో అమృతం ఏళ్ల తరబడి పనిచేసింది. పుట్టింది రేపల్లెలో, నర్సింగ్ చదివింది గుంటూరులో. కాపురం మెల్‌బోర్న్ శివారు వెరిబీలో. కూతురు అనీషా యూనివర్సిటీకి వెళ్లి అక్కడే గది తీసుకుంది. కొన్నాళ్లకు భోజనాల దగ్గర అమృతం తన మనసులో మాట చెప్పేసింది.

"ఏమండీ, ఊరూరికీ నర్సుల్ని పంపే ఏజెన్సీలో చేరదామనుకుంటున్నాను. కాంట్రాక్టుకో ఊరు."

ఆమె భర్త ఐజాక్ ట్రామ్ నడుపుతాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఇప్పుడీ తిరుగుళ్లేంటి అమృతం?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ? ఇన్నేళ్లలో ఈ దేశంలో మనం చూసిందేముంది, ఫ్రీవే తప్ప!"

స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లో వింటున్న అనీషా "గో ఫర్ ఇట్, మమ్!" అని అరిచింది. మర్నాడు ఐజాక్ కొత్త సూట్‌కేసు కొనుక్కొచ్చాడు.

మొదటి కాంట్రాక్టు క్వీన్స్‌లాండ్ పడమటి వైపు ఓ చిన్న ఊళ్లో పడింది. ఎటు చూసినా ఎర్రమట్టి. ఆసుపత్రిలో మంచాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డాక్టరు వారానికోసారి వస్తాడు, మిగతా రోజుల్లో వీడియోలోనే. మెల్‌బోర్న్‌లో ఏ తేడా వచ్చినా పిలవడానికి పదిమంది ఉండేవారు. ఇక్కడ ఎవరు పిలిచినా పలకాల్సింది తనే. ఆ బెదురుతో మొదటి శనివారం ఐజాక్‌కి ఫోన్ చేసి ఏడ్చింది.

"వచ్చేస్తానండీ."

"వచ్చెయ్, ఎవరొద్దన్నారు? రేపు చర్చికెళ్లి, ఆ తర్వాత చెప్పు."

ఆ చర్చిలో ఉన్నది గుప్పెడు మంది ముసలివాళ్లు. మీ భాషలోనే ప్రార్థన చెయ్యమని ఆమెను అడిగారు. తెలుగులో నోరారా ప్రార్థించాక గుండె తేలికైంది. వచ్చేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఓ మధ్యాహ్నం తోటి నర్సు పక్క ఊరికి వెళ్లింది. ఆసుపత్రిలో అమృతమూ, వంటచేసే షెర్లీ మాత్రమే ఉన్నారు. స్కూలు బస్సు నడిపే కోలిన్ గోడ పట్టుకుని కుంటుతూ వచ్చాడు.

"పాము కరిచిందమ్మా. బ్రౌన్ స్నేక్ అనుకుంటా," అన్నాడు, ఎండ బాగుందన్నంత మామూలుగా.

ఆ దేశంలో ప్రాణాలు తీసే పాముల్లో అదొకటి. పాముకాటుకి ఏం చెయ్యాలో అమృతం చదువుకుంది, ట్రైనింగ్‌లో చేసింది, కానీ నిజంగా పాము కరిచిన మనిషిని చూడటం ఇదే మొదలు. అయినా చేతులు ఆగలేదు. అతన్ని కదలనివ్వకుండా పడుకోబెట్టి, వెడల్పాటి కట్టు కాలంతా బిగించి చుట్టింది. వీడియోలో డాక్టరుని పిలిచి, రక్తం తీసి పరీక్ష చేసి ఫలితం చూపించింది. కాలు కదలకుండా షెర్లీ కట్టుకి చెక్క ఆనించి పట్టుకుంది.

"రక్తం గడ్డకట్టడంలో తేడా కనిపిస్తోంది. విరుగుడు మొదలుపెట్టండి. నేను చూస్తూనే ఉంటాను," అన్నాడు డాక్టరు.

మందు ఎక్కుతున్నంతసేపూ ఆమె కోలిన్ ముఖం మీంచి చూపు తిప్పలేదు. "బస్సులో పిల్లల పేర్లు చెప్పు," అంది, అతను తెలివిలో ఉన్నాడో లేదో తెలుసుకోడానికి. ఒక్కొక్కరి పేరూ, వాళ్ల కుక్కల పేర్లతో సహా చెప్పుకొచ్చాడు. రోగుల్ని పెద్దాసుపత్రికి చేర్చే ఫ్లయింగ్ డాక్టర్ల విమానం వచ్చేసరికి రన్‌వే మీద కంగారూలుంటే ఊరి పోలీసాయన జీపుతో తోలాడు. కోలిన్‌ని ఎక్కించుకుని విమానం ఎగిరిపోయాక అమృతం వంటింట్లో కూలబడింది. షెర్లీ ఆమె ముందు టీ పెట్టి, భుజం తట్టింది.

కోలిన్ కోలుకుని తిరిగొచ్చాడు. కాంట్రాక్టు పొడిగిస్తావా అని ఆసుపత్రివాళ్లు అడిగితే, ఈసారి అమృతం ఎవర్నీ సలహా అడక్కుండానే సరేనంది.

సెలవు పెట్టి ఐజాక్ కూడా వచ్చాడు. ఓ సాయంత్రం కోలిన్ వాళ్లిద్దర్నీ ఊరి బయట నీటిమడుగుకి తీసుకెళ్లాడు. అమృతం పులిహోర పంచింది. కోలిన్ మిరపకాయ నమిలి, కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ ప్లేటు చాపాడు. పెలికాన్ పక్షులు నీళ్ల మీద వాలుతున్నాయి. ఐజాక్ బూట్లు విప్పి ఇసకలో కాళ్లు చాపుకున్నాడు.

"బాగుంది కదండీ?" అంది అమృతం.

"బాగుంది. ఇంకాసేపు కూర్చుందాం," అన్నాడు.