అమ్మను ముందుగా నాయన గురించి అడిగాను

ఆ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్న అమ్మ రెండో చరణం మధ్యలో ఆగిపోయింది. బోగోలు దగ్గర మా ఊళ్లో ఎన్నో ఏళ్లుగా పాట ఎత్తేది అమ్మే. మాటలు మరిచిపోయిందేమోనని వెనక వరసలో నేను నవ్వుకున్నాను. చూస్తే బల్ల పట్టుకుని ఊపిరి కోసం తన్నుకులాడుతోంది.

కావలిలో ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదించే టెస్ట్ చేశారు. "సీఓపీడీ, ఊపిరితిత్తుల జబ్బు. పొగ తాగుతారా అమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"తాగలేదు నాయనా, పీల్చినాను. ఇరవై ఏండ్లు కట్టెల పొయ్యి మీద కూలికి వడ్లు ఉడకబెట్టినాను," అంది అమ్మ.

ఇన్‌హేలర్‌తో రెండు నెలలు బాగానే గడిచింది. తర్వాత న్యుమోనియా వచ్చి నెల్లూరులో ఐసీయూలో చేర్చాం. "వెంటిలేటర్ పెట్టాలి. ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలో ఆవిడ మీకెప్పుడైనా చెప్పారా?" అని అడిగారు అక్కడి డాక్టరుగారు. నేనూ, ఆటో నడిపే మా తమ్ముడు ప్రసాదూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "అన్నీ చెయ్యండి సార్," అన్నాడు వాడు. నేను సంతకం పెట్టాను.

తొమ్మిది రోజులు. గొట్టం లాగేసుకోకుండా అమ్మ చేతులు మంచానికి కట్టారు. అది చూసి ఏడ్చాను. ఇది ఆమెకు ఇష్టమో కాదో తెలియకపోవడం ఇంకా బాధ.

అమ్మ బతికి ఇంటికొచ్చింది, గొంతు మాత్రం బొంగురుపోయింది. "మళ్లీ రావచ్చు. బాగున్నప్పుడే ఏం కావాలో అడిగి పెట్టుకోండి," అన్నారు డాక్టరుగారు.

ఎలా అడగడం? స్వస్థత కోసం ప్రార్థన జరుగుతున్న ఇంట్లో చావు మాట ఎత్తితే, విశ్వాసం లేదంటారు మావాళ్లు. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ప్రసాదు, "ఏం మాటలక్కా అవి," అని లేచిపోయాడు.

ఒక సాయంత్రం అమ్మా నేనూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ప్రసాదు గడపలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. "అమ్మా, నాయన పోయినప్పుడు మేమేమన్నా తప్పు చేసినామా?" అని అడిగాను.

అమ్మ చేతులు ఆగాయి. "ఆ పాట పాడించకుండా ఉండాల్సిందమ్మే."

సమాధి దగ్గర పాడించిన పాట ఎంచింది నేనే.

"మీ జేజిని, మీ నాయన తల్లిని, పూడ్చేటప్పుడు అదే పాడినారంట. అప్పుడు మీ నాయనకు తొమ్మిదేండ్లు. పెద్దయినాక కూడా చర్చిలో అది ఎత్తితే బయటికి పోయి నిలబడేవాడు. నువ్వు మూడుసార్లు పాడించినావు."

అమ్మ నవ్వింది. "నీకేం తెలుసు పాపం. ఆయనా చెప్పలా, మీరూ అడగలా."

నాయన చిన్నతనమంతా చెప్పుకొచ్చింది ఆ పూట. చెప్పీ చెప్పీ తన సంగతికి తానే వచ్చింది. "నాకు ఆ గొట్టం ఇంకోసారి వద్దు. మాస్కు పెడితే పెట్టండి, మందులియ్యండి. పోయేటప్పుడు మన ఇంట్లో, మీతో మాట్లాడుతా పోవాల." తర్వాత గడప వైపు తిరిగింది. "ప్రసాదూ, నన్ను పూడ్చేటప్పుడు నా పాట నువ్వే ఎత్తాలరా. రేపట్నుంచి నేర్చుకో."

ప్రసాదు ఈసారి లేచిపోలేదు.

డాక్టరుగారు ఈ మాటలు అమ్మ నోటనే విని ఫైల్లో రాసుకున్నారు. పోయిన వానాకాలం మళ్లీ ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు మేం మొహాలు చూసుకోలేదు. మాస్కుతోనే గట్టెక్కింది. ఇప్పుడు నెబ్యులైజర్ పెట్టుకుంటూనే నా పులుసులో ఉప్పు తక్కువైందని సైగ చేస్తుంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

నాలాంటివాళ్లకు ఒకటే చెబుతాను. "నీకేం కావాలి?" అని మొదలుపెట్టకండి. ముందే వెళ్లిపోయినవాళ్ల విషయంలో ఏం పొరపాటు జరిగిందో అడగండి. మిగతాది వాళ్లే చెబుతారు.

ప్రసాదు ఆదివారాలు అమ్మ దగ్గర పాట నేర్చుకోబట్టి ఏడాదయింది. ప్రతిసారీ రెండో చరణంలో తప్పుతాడు. "నువ్వు సరిగ్గా పాడేదాకా నేను పోయేదెట్టరా," అంటుంది అమ్మ.

మొన్న ఇంటి వెనక ఆటో కడుగుతూ, ఎవరూ లేరనుకుని పాడుకుంటున్నాడు. మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఒక్క తప్పు లేదు. అమ్మకు చెప్పలేదు నేను.